లోపలి మోకు

దగ్గరికి జరగండమ్మా, ఇంకా కాస్త దగ్గరికి. గుమ్మంలో కూర్చున్న పిల్లా, నువ్వూ లోపలికి రా. అక్కడినుంచి సగమే వినపడుతుంది, సగం విన్న కథను మోసుకుపోయి ఇంకెవరికో చెబితే అది వేరే కథ అవుతుంది. చాపల మీద పడుకున్నవాళ్లు పడుకునే వినండి, లేవక్కర్లేదు. పొద్దున్నే ఈ జ్వరం తెచ్చే కాక సూది వేయించుకున్నారు, ఒళ్లు పెనంలా కాలుతూ ఉంటుంది, తెలుసు. పొద్దు గూకేదాకా ఓర్చుకోవాలి మరి. అందాకా ఈ సూదిని కనిపెట్టిన అనసూయ సంగతి చెబుతాను. సూది గొప్పదని మీకు బళ్లో చెప్పే ఉంటారు. ఆ ఇంట్లో ఏం జరిగిందో ఎవరూ చెప్పి ఉండరు.

చినమడుగు అని ఒక ఊరు. భువనగిరి దాటి కొంత దూరం పోతే రోడ్డు పక్కన తాటివనం మొదలవుతుంది, ఆ వనం అయిపోయే చోట ఊరు మొదలవుతుంది. కల్లు గీసేవాళ్ల ఇంట్లో పుట్టింది అనసూయ. ఆమె చిన్నపిల్లగా ఉన్నప్పుడు వాళ్ల నాయన చెట్టు మీదినుంచి పడ్డాడు. పడినవాడు పడినట్టే లేచి కూర్చున్నాడు. "ఏం గాలే, జర నీళ్లు తెండ్రి" అని నవ్వాడు కూడా. ఇంట్లోవాళ్లు గండం గడిచిందని ఊపిరి పీల్చుకున్నారు. ఆ మర్నాటినుంచి మనిషి కొద్దికొద్దిగా ఆరిపోతూ వచ్చాడు. మొదట మాట తడబడింది, తర్వాత మనుషుల్ని పోల్చుకోవడం పోయింది, ఆ తర్వాత కళ్లు తెరవడం పోయింది. పడిన రోజున నవ్విన మనిషి పడిన తర్వాత ఇన్ని రోజులకు ఎందుకు పోయాడు? ఆ పిల్లకు అదొక్కటే అర్థం కాలేదు. ఆ ఒక్క ప్రశ్న పట్టుకుని చదివింది, ఇంకా చదివింది, చదివి చదివి హైదరాబాదులో మెదడు మీద పరిశోధనలు చేసే చోట చేరింది.

చదివించింది వాళ్ల అన్న బిక్షపతి. నాయన పోయాక మోకు తాడు నడుముకు కట్టుకుని అదే వనంలో చెట్లెక్కాడు. ఊళ్లో అందరూ అనసూయను డాక్టరమ్మ అనేవాళ్లు. బిక్షపతికి అది పెద్ద వేడుక. "ఏం డాక్టరమ్మనో! పడిశానికి మందడిగితే తుమ్మితే పోతదంటది" అని నలుగురిలో ఆట పట్టించేవాడు. ఆ మాట అంటున్నప్పుడు అతని మొహం చూడాలి, చెల్లెలు చంద్రుణ్ణి కోసుకొచ్చి చేతిలో పెట్టినట్టు వెలిగిపోయేది.

ప్రయోగశాలలో అనసూయకు పెద్ద కృపాకర్ సారు. మాటలు తక్కువ, చూపు ఎక్కువ. ఆయన ఆమెకు మొదట చూపించింది ఆలోచించే కణాలను కాదు, వాటి చుట్టూ ఉండేవాటిని. ఆకాశంలో చుక్కల్లా అన్ని పక్కలకూ చేతులు చాచుకుని ఉంటాయి గనక వాటిని చుక్క కణాలనేవాళ్లు. పెళ్లింట్లో పీటల మీద కూర్చున్నవాళ్లనే అందరూ చూస్తారు. వెనకాల పొయ్యిల దగ్గర వండేవాళ్లను, నీళ్లు మోసేవాళ్లను, ఎంగిలాకులు ఎత్తేవాళ్లను ఎవరు చూస్తారు? వాళ్లు ఒక్క పూట చేతులెత్తేస్తే అప్పుడు తెలుస్తుంది. చుక్క కణాల పని అదే. ఆలోచించే కణాలకు తిండి అందిస్తాయి, దెబ్బ తగిలినప్పుడు ఒలికిన విషాన్ని తుడిచేస్తాయి. అవి చచ్చిపోతే తుడిచే దిక్కు లేక ఆ విషం పక్కకు పాకుతుంది, రోజుకింత, రోజుకింత.

"మీ నాన్నగారు పడిన రోజు పోలేదమ్మా" అన్నాడు కృపాకర్ సారు. "ఆయన్ని కాచుకునే కణాలు ఆ రోజు పోయాయి. ఆయన తర్వాత పోయారు."

అనసూయ ఆ మాట విని బయటికి వెళ్లి మొహం కడుక్కుని వచ్చింది. ఆ రోజునుంచి ఆ చుక్కల్ని బతికించడమే ఆమె పని అయింది.

రెండు గాజు గిన్నెల్లో చుక్క కణాలను పెంచింది. ఒక గిన్నెను ముందురోజే జ్వరమంత వేడిలో కాసేపు ఉంచింది. రెండోదాన్ని ముట్టుకోలేదు. మర్నాడు రెండింటికీ ఒకే దెబ్బ వేసింది, గాలి అందకుండా చేసింది. తర్వాత మైక్రోస్కోపు కింద పెట్టి చూసింది. జ్వరం ఎరగని గిన్నెలో చుక్కలన్నీ చేతులు ముడుచుకుని ఎండిన ఆకుల్లా రాలిపోయాయి. జ్వరం చూసిన గిన్నెలో మాత్రం నలిగాయి, వంగాయి, కానీ చేతులు చాచుకునే ఉన్నాయి.

"సార్, ఇవి బతికే ఉన్నయి సార్" అంది. ఎంత చదివినా సంతోషమొస్తే ఆమె నోట ఊరి మాటే వచ్చేది.

కృపాకర్ సారు చాలాసేపు చూసి, "చిన్న కష్టం చూసినవి పెద్ద కష్టానికి సిద్ధంగా ఉన్నాయి" అన్నాడు.

ఎందుకంటే, కణంలో ప్రోటీన్లు మడత పెట్టి పేర్చిన బట్టల్లా ఉంటాయట. వేడి తగిలినా, దెబ్బ తగిలినా మడతలు చెదిరి ఒకదానికొకటి చుట్టుకుని ఉండలు కడతాయి. చిన్న వేడి తగలగానే కణం ఒక కొత్త ప్రోటీన్ తయారుచేసుకుంటుంది. చెదిరినదాన్ని పట్టుకుని, విదిలించి, మళ్లీ మడతపెట్టడమే దాని పని. అది ముందే వచ్చి లోపల కూర్చుంటే తర్వాత పెద్ద దెబ్బ తగిలినా ఇల్లు చెదరదు. అనసూయ చేసిందల్లా ఆ చిన్న వేడిని ఒక సూదిలోకి తేవడం. చేసిందల్లా అని తేలిగ్గా అనేశాను గానీ, దానికి ఆమె వయసంతా పట్టింది. పెళ్లి మాట ఎత్తినవాళ్లను బిక్షపతి, "అది చుక్కలను చేసుకున్నది" అని పంపేసేవాడు.

సూది వేస్తే ఒక పగలు జ్వరం కాస్తుంది. ఆ జ్వరం తగ్గకుండా పొద్దు గూకేదాకా నిలవాలి. మధ్యలో చల్లారిందా, అన్నం సగం ఉడికాక పొయ్యి మీదినుంచి దించేసినట్టే. మళ్లీ పొయ్యి మీద పెట్టినా అది అన్నం కాదు. అలసిపోయిన చుక్కలకు మరో ఏడాదిదాకా రెండో సూది వెయ్యకూడదు.

ప్రయోగశాలలో మంచాల మీద పడుకున్నవాళ్లకు వేసి చూశారు, బాగానే ఉంది. ఇక తలకు దెబ్బలు తగిలే పని చేసేవాళ్లకు వేసి చూడాలి. ఎవరికి వేద్దామని కృపాకర్ సారు అడగకముందే అనసూయ నోట తన ఊరి పేరు వచ్చింది.

చినమడుగులో కల్లుగీత సంఘం ఆఫీసు ముందు అందర్నీ కూర్చోబెట్టి చెప్పింది. ముందు వరుసలో సత్తయ్య అనే పెద్దమనిషి, మీసం దువ్వుకుంటూ అడిగాడు.

"సూది ఏసుకుంటే చెట్టు మీదికెల్లి పడ్డా ఏం గాదా బిడ్డా?"

"కాళ్లు ఇరిగితే ఇరుగుతయి పెదనాయనా, నడుము ఇరిగితే ఇరుగుతది. తలకాయ లోపల మాత్రం పాణం నిలుస్తది."

"అంటే మంచంల పండి మీ పెద్దమ్మ తిట్టే తిట్లన్నీ తెలివితోని ఇనాల్నన్నట్టు. ఇది మందా, శిక్షనా?"

అందరూ గొల్లుమన్నారు. బిక్షపతి లేచి నిలబడి, నడుముకున్న తాడు తట్టి చూపించాడు. "ఇది బయటి మోకు. మనం చెట్టుకెల్లి జారకుంట పట్టుకుంటది. మా చెల్లె తెచ్చింది లోపలి మోకు. మనం జారినంక పట్టుకుంటది. ముందల నాకెయ్యి చెల్లె, వీళ్లు నన్ను జూసి ఏసుకుంటరు." ఆ క్షణంనుంచి ఆ ఊళ్లో ఆ మందుకు అదే పేరు. ప్రయోగశాలలో పెట్టిన పొడుగాటి పేరును ఎవరూ పలకలేదు.

సూది వేసే రోజు బడికి సెలవిచ్చి హాల్లో చాపలు పరిచారు. హైదరాబాదు నుంచి నర్సులు వచ్చారు. జ్వరం బిళ్ళలు ఎవరి జేబుల్లోనూ లేకుండా చూశారు. పెళ్లాలనూ పిల్లలనూ బయటే ఆపారు. అందరూ లోపల పడుకున్నారు, బిక్షపతి తప్ప.

"నేను బడిల పండనే పండ" అన్నాడు. "సదువుకునే ఈడుల పోని బడికి ఇప్పుడు జ్వరమొచ్చి పోవాల్నా? మా ఇంట్ల మంచమున్నది, మీ వదినె ఉన్నది. డాక్టరమ్మ అన్నకు గాపాటి మర్యాద లేదా?"

నవ్వుతూనే అన్నాడు, కానీ అతనికి ఆ మర్యాద కావాలి. చెల్లెలు సూది తెచ్చిన రోజున అందరితోపాటు చాప మీద వరసలో పడుకోవడం అతనికి ఇష్టం లేదు. అనసూయకు అది తెలుసు. తను ఇవ్వగలిగిన మర్యాద ఇన్నాళ్లకు అది ఒక్కటే దొరికింది. సరేనంది. కృపాకర్ సారుకు చెప్పలేదు. ఇంటికి వెళ్లి తన చేత్తోనే సూది వేసి, వదినె అండాలును పక్కకు పిలిచింది.

"వదినె, ఎంత కాలినా బిళ్ళ వెయ్యొద్దు. ఆయన అడిగినా వెయ్యొద్దు."

"వెయ్య. మీ అన్న మీద ఒట్టు" అంది అండాలు.

అండాలు మాటంటే మాటే. బిళ్ళ వెయ్యలేదు.

అనసూయ పగలంతా బడిలోనే ఉంది. ఒకడికి వాంతి, ఒకడికి వణుకు, సత్తయ్యకు చచ్చిపోతున్నానని అనుమానం. అందరి మధ్య తిరిగి తిరిగి, పొద్దు ఇంకా తాటివనం మీదే ఉండగా, అన్నను చూద్దామని ఇంటికి వచ్చింది. గడప దాటి లోపలికి చూసింది.

బిక్షపతి మంచం మీద హాయిగా నిద్రపోతున్నాడు. నుదుటి మీద తడిగుడ్డ, ఛాతీ మీద తడిపిన చీరముక్క, అరికాళ్లకు ఇంకో తడిగుడ్డ. పక్కన నీళ్ల రంజన్ కుండ మూత తీసి ఉంది. అండాలు పీట మీద కూర్చుని తాటాకు విసనకర్రతో విసురుతోంది. ఎంతసేపటినుంచి విసురుతోందో, విసనకర్రను ఈ చేతినుంచి ఆ చేతికి మార్చుకుంటోంది.

అండాలు ఆడబిడ్డను చూసి నవ్వింది. "జూడు, ఎట్ల చల్లగయిండో. పొద్దంతా అమ్మా అమ్మా అని మూలిగిండు. నీ మందు కాక పెడితే నా చెయ్యి సల్లగ జేసింది. బిళ్ళ మాత్రం ఒక్కటంటే ఒక్కటి వెయ్యలే."

అనసూయ అన్న నుదురు ముట్టుకుంది. చల్లగా ఉంది, చల్లని చెరువునీళ్లలా.

ఇప్పుడు మీకు అర్థమైంది గదా. బిళ్ళ వెయ్యొద్దని చెప్పారు గానీ తడిగుడ్డ వెయ్యొద్దని ఎవరూ చెప్పలేదు. ఎందుకు చెప్పలేదంటే ఎవరికీ తోచలేదు. ప్రయోగశాలలో ఏసీ గదిలో ఒంటరిగా పడుకున్నవాళ్ల పక్కన విసనకర్ర పట్టుకుని కూర్చునేవాళ్లు లేరు. బడి హాల్లోకి పెళ్లాలను రానివ్వలేదు. జ్వరమొచ్చిన మనిషి నుదుటి మీద తడిగుడ్డ వెయ్యడమంటే మన ఇళ్లల్లో ఊపిరి తీసుకున్నట్టు, ఎవరూ అది వైద్యమనుకోరు. అనసూయ ఆ ఇంట్లోనే పుట్టింది, ఆ తడిగుడ్డల కిందే పెరిగింది. ఆమెకైనా తోచాలి గదా? ఏమో మరి, ఆమెకూ తోచలేదు.

మాట ఆమె నోటిదాకా వచ్చింది. వదినె, మందు చెడిపోయింది, అన్నకు లోపలి మోకు లేదు, ఏడాదిదాకా మళ్లీ వెయ్యడానికి లేదు, అందాకా అన్నను చెట్టెక్కనివ్వొద్దు అని చెప్పాలి. కానీ అండాలు నవ్వుతోంది. ఆ నవ్వు మొహం మీద ఈ మాట ఎలా వెయ్యడం? చెబితే అండాలు గుండెలు బాదుకుంటుంది. అన్న నలుగురిలో తలదించుకుంటాడు, అందరికంటే ముందు సూది వేయించుకున్నవాడు ఒక్కడే లోపలి మోకు లేనివాడవుతాడు. కృపాకర్ సారు అడుగుతాడు, అసలు ఇంట్లో ఎందుకు పడుకోబెట్టావమ్మా అని.

మందు కొంతయినా ఎక్కి ఉంటుందిలే అనుకుంది. తర్వాత రక్తం తీసి చూద్దాం, అప్పుడు చెబుదాం అనుకుంది. అండాలు చేతిలోంచి విసనకర్ర తీసుకుని, "నువ్వు పోయి జరంత అన్నం తిను వదినె" అంది. తడిగుడ్డ తీసి, పిండి, బయట దండెం మీద ఆరేసింది. అంతే. ఆమె చేసింది అంతే.

ఆ తర్వాత అనసూయ రెండుసార్లు ఊరికి వచ్చింది. రక్తం తీసే సామాను తెచ్చుకునే వచ్చింది. వచ్చిన ప్రతిసారీ బిక్షపతి ఏదో పరాచికమాడాడు, అండాలు తలకాయకూర వండింది, సామాను సంచిలోంచి బయటికి రాలేదు.

ఈలోగా సత్తయ్య పడ్డాడు. పెద్ద చెట్టు మీదినుంచి, తల బండరాయికి తగిలేలా పడ్డాడు. ఊరు ఊరంతా పరిగెత్తింది. ఆస్పత్రిలో అందరూ మంచం చుట్టూ నిలబడి రోజులు లెక్కపెట్టారు, ఎప్పుడు ఆరిపోతాడో అని. సత్తయ్య ఆరిపోలేదు. కాలికి పిండికట్టుతో ఇంటికొచ్చి, "ఒరే, మీ పెద్దమ్మ తిట్లన్నీ మంచిగ యాదికున్నయిరా!" అని కేకేశాడు. ఆ రోజు చినమడుగులో పండగే. దూరదూరాలనుంచి పెద్దవాళ్లు వచ్చి చూసిపోయారు. కృపాకర్ సారు కళ్లు తుడుచుకోవడం అనసూయ మొదటిసారి చూసింది.

ఆ సంతోషంలోనే ఊరికి పాడుకాలం మొదలైంది. వానపడ్డ రోజున తాటిచెట్టు ఎక్కకూడదు. బోదె సబ్బురాసినట్టు ఉంటుంది, మోకు నిలవదు. తాతలనాటినుంచీ చినుకు పడితే గీతపనికి సెలవే. అండాలు ఇంకో అడుగు ముందుకేసేది, మబ్బు పట్టిందంటే మొగుడి మోకు తీసి బియ్యం గుమ్మిలో దాచేది. అతను ఇల్లంతా వెతికి, తిట్టి, చివరికి అరుగు మీద కూర్చుని చీట్లాడుకునేవాడు. అలాంటిది సత్తయ్య లేచి తిరిగినప్పటినుంచీ మగవాళ్లకు భయం పోయింది. చినుకుల్లోనూ ఎక్కసాగారు. ఆడవాళ్లు కూడా ఆపడం మానేశారు. అండాలు మోకు దాచడం మానేసింది.

అనసూయకు ఈ సంగతి ఫోనులో తెలిసింది. వెంటనే అన్నకు ఫోను చేసింది. 

"అన్నా, వానల ఎక్కకు" అంది.

"ఏంది గిట్ల భయపడ్తున్నవ్! లోపలి మోకు నువ్వే కడితివి గదా."

"అయినా సరే ఎక్కకు. నా మాటిను."

"గట్లనా? నీ సూది మీద నీకే నమ్మకం లేదా ఏంది?" అని పకపకా నవ్వాడు.

అప్పుడు చెప్పాలి. ఆ ఫోనులో, ఆ నవ్వు మధ్యలో, అన్నా నీకు లేదు అని రెండు మాటలు అంటే అయిపోయేది. అనసూయ నోరు తెరిచింది. అవతల అండాలు గొంతు వినిపించింది, "అన్నం సల్లారుతది, రండ్రి" అని. "ఉంట చెల్లె" అని బిక్షపతి ఫోను పెట్టేశాడు. మళ్లీ చెయ్యాలని ఫోను చేతిలో పట్టుకునే కూర్చుంది. వచ్చే ఆదివారం వెళ్లి ఎదురుగా కూర్చుని చెబుతాననుకుంది. ఆదివారం రాకముందే వాన వచ్చింది.

బిక్షపతి కింద పడ్డాక లేచి కూర్చున్నాడట. ఎత్తుకోవడానికి వచ్చినవాళ్లతో, "ఏం గాలే, లోపల మోకున్నది" అన్నాడట. ఆ మాట చెబుతూ చెబుతూ వాళ్లు ధైర్యంగా హైదరాబాదు తెచ్చారు. అనసూయ మాత్రం స్ట్రెచరు పట్టుకుని నడుస్తూ అన్న మొహంలో తన నాయన మొహాన్ని చూసింది. మర్నాటికి మాట తడబడింది. ఆ పైన అండాలును గుర్తుపట్టలేదు. ఆ తర్వాత కళ్లు తెరవలేదు.

ఆస్పత్రి వరండాలో చినమడుగువాళ్లంతా కూర్చున్నారు. కృపాకర్ సారు లోపల తీసిన తల ఫొటోలు చూసి బయటికి వచ్చాడు. ఆయన మొహం వాడిపోయింది. చుక్కలన్నీ రాలిపోయాయి, మందు ఎక్కిన తల అలా ఉండదు. ఆయన అండాలు ముందు కూర్చుని మెల్లగానే అడిగాడు.

"అమ్మా, సూది వేసిన రోజు మీ ఆయనకు జ్వరం బిళ్ళ ఏమైనా ఇచ్చారా?"

"లేదు సారూ."

"బాగా గుర్తు తెచ్చుకోండి. చిన్నది, సగం ముక్కయినా?"

"దేవుని మీద పమాణం సారూ. ఒక్క ముక్క గూడ ఇయ్యలే. అనసూయ ఇయ్యొద్దని చెప్పింది, నేను ఇయ్యలే."

అక్కడున్నవాళ్లు ఒకరి మొహం ఒకరు చూసుకున్నారు. సత్తయ్య పెళ్లాం పక్కామెతో, "ఇయ్యకుంటే మా ఆయనకెందుకు పనిజేసింది, ఈయనకెందుకు చెయ్యలే? ఆగలేక ఇచ్చే ఉంటది" అంది, వినపడేలాగే. ఇంకో ముసలాయన, "పిరికి గుండె, ఇచ్చుంటది" అన్నాడు. అండాలు అటూ ఇటూ చూసింది. మొగుడు లోపల పోతున్నాడు, బయట ఈ మనుషులు ఆమెను దొంగను చూసినట్టు చూస్తున్నారు. "నేనియ్యలే, నేనియ్యలే" అని అందరికీ తల ఊపుతూ చెబుతోంది.

అనసూయ గోడకు ఆనుకుని ఉంది. ఇప్పటికీ ఊరుకుంటే ఊరుకోవచ్చు. మందుకు మచ్చ రాదు, ఆమెకూ రాదు. బిళ్ళ వేసి ఉంటుందన్న మాట చినమడుగులో నాలుగు రోజులు తిరిగి స్థిరపడిపోతుంది.

"ఆమె వెయ్యలేదు సార్" అంది. "జ్వరం మధ్యలోనే చల్లారింది. నేను చూశాను. మందు ఎక్కలేదని ఆ రోజే నాకు తెలుసు. ఇంట్లో పడుకోబెట్టింది నేను, ఎవరికీ చెప్పనిది నేను."

తడిగుడ్డ మాట ఆమె ఎత్తలేదు. ఆ ఒక్కటీ వదినె చెవిన పడకుండా తనతోనే పోవాలనుకుంది.

అండాలు చదువుకోలేదు గానీ బుర్ర తక్కువ మనిషి కాదు. చల్లారింది అన్న మాట దగ్గర ఆమె చూపు ఆగిపోయింది. నెమ్మదిగా లేచి వచ్చి అనసూయ ఎదురుగా నిలబడింది.

"చల్లారొద్దా?" అని అడిగింది.

అనసూయ ఆమె వైపు చెయ్యి చాచింది.

"నేను గుడ్డ తడిపి ఏసిన. చల్లారొద్దా, అనసూయా?"

అనసూయ ఆమె రెండు చేతులూ పట్టుకుంది. "నీ తప్పు కాదు వదినె, నేను చెప్పలేదు నీకు, చెప్పాలని మాకే తోచలేదు" అని ఏదేదో అంటోంది. అండాలు ఆ మాటలు వింటున్నట్టు లేదు. ఏడవలేదు, అరవలేదు, చేతులు కూడా లాక్కోలేదు. మెల్లగా అంది.

"ఆ దినమే చెప్తే ఏమయితుండె? నువ్వు తిడుతుంటివి. నేను ఏడుస్తుంటి. గంతే గదా. మీ అన్న చెట్టెక్కకపోతుండె. నేను మోకు దాస్తుంటి."

బిక్షపతి మళ్లీ కళ్లు తెరవలేదు. వానలు వెళ్లకముందే పోయాడు. 

కృపాకర్ సారు అనసూయను మందలించలేదు. ఆయనకు మందలించడం రాదు. మందు పని ఆపలేదు, ఆపడానికి లేదు, అప్పటికే దాని కోసం ఎందరో ఎదురుచూస్తున్నారు. కొత్త నియమం పెట్టారు, సూది వేసుకున్నవాళ్లు ఎవరి అన్నయినా, ఎవరి బిడ్డయినా పొద్దు గూకేదాకా అందరితోపాటు హాల్లోనే ఉండాలని, తడిగుడ్డ వెయ్యకుండా, విసరకుండా పక్కన నాలాంటి మనిషి ఒకరు ఊరికే కూర్చోవాలని. ఎక్కినదీ లేనిదీ రక్తం చూసి ఆ వారంలోనే మొహాన చెప్పాలని. ఈ సూది వల్ల ఇప్పుడు ఎన్ని తలలు నిలిచాయో ఎవరు లెక్కపెట్టగలరు? మేస్త్రీలు, లారీ డ్రైవర్లు, కరెంటు స్తంభాలెక్కేవాళ్లు, అందరూ అనసూయ పేరు తలుచుకుంటారు. ఆ పొగడ్తలు విన్నప్పుడల్లా ఆమె తలవంచుకుంటుందట. వినయమనుకుంటారు చూసేవాళ్లు.

ఏడాదికోసారి అన్న తిథికి చినమడుగు వెళుతుంది. అండాలు తలుపు తీస్తుంది, కాళ్లకు నీళ్లిస్తుంది, అన్నం పెడుతుంది. ఎప్పుడూ తిట్టలేదు. తిడితే బాగుండునని అనసూయ ఎదురుచూస్తుంది. వదినె కూర వడ్డిస్తూ, "ఇంకొంచెం ఏసుకో, సన్నబడ్డవ్" అంటుంది. ఇద్దరూ తింటారు. ఇద్దరి మధ్యా ఆ మాట ఉంటుంది, ఎవరూ దాన్ని ముట్టుకోరు.

ఇదమ్మా కథ. మరిచిపోకండి. రేపు మీరూ ఎవరి పక్కనో కూర్చుని చెప్పాల్సి వస్తుంది, అప్పుడు చెప్పండి. చుక్క కణాల సంగతి తప్పు చెప్పినా ఫరవాలేదు, ఊరి పేరు మరిచినా ఫరవాలేదు, అవి చెప్పడానికి చదువుకున్నవాళ్లు చాలామంది ఉన్నారు. అండాలు ఆ వరండాలో అన్న మాటను మాత్రం మార్చకండి. ఆమె ఎలా అందో అలాగే, అంత మెల్లగానే చెప్పండి.